కండక్టర్‌కి ఎంత పెట్టాలి

డ్రైవరు పోయాక ఇంట్లో మిగిలింది ఆయన భార్య, ఆయన చెల్లెలు, ఒక తొండ.

తొండ ముందుగదిలో, కిటికీ పక్కన, గాజుపెట్టెలో ఉండేది. తోకతో కలిపి మూరెడు ఉంటుంది. మెడ కింద చర్మం ముళ్లతో గడ్డంలా వేలాడేది. ఎడారి జాతి. డ్రైవరు తెచ్చినప్పుడు అది అరచేతిలో పట్టింది. పెట్టెలో వదలగానే రాయి ఎక్కి, ఒక ముందుకాలు ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పింది. ఆ జాతి తొండపిల్లలు తమకంటే పెద్దదాన్ని చూస్తే అలా చేస్తాయి. నీ జోలికి రాను, నా జోలికి రాకు అని దాని అర్థం. డ్రైవరుకి మాత్రం బస్సు వెనక తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపే మనిషి గుర్తొచ్చాడు.

“కండక్టర్ రైట్ ఇచ్చేశాడు. ఇక పోనిద్దాం” అన్నాడు. దాని పేరు కండక్టర్ అయింది.

ఆయన భార్య ఒక హాస్టల్లో వంట చేసేది. అక్కడి పిల్లలు ఆమెని వంటమ్మ అనేవాళ్లు. ప్లేటు ఖాళీ అయితే ఆమె గరిటె దానంతటదే లేచేది. చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టిన పిల్లల వేళ్ల మీద వడ్డించిన రోజులు కూడా ఉన్నాయి. చేరేటప్పుడు కొనుక్కున్న ప్యాంట్లు సెలవులకి ఇంటికి వెళ్లే నాటికి పట్టవని పిల్లలు చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఆమె చెవిన పడ్డప్పుడల్లా ఇంకో గరిటె వేసేది.

కండక్టర్ తిండి మాత్రం డ్రైవరు ఆమె చేతికి ఇవ్వలేదు.

“నీకప్పగిస్తే ఏడాది తిరిగేసరికి బస్సంత అవుతుంది. తలుపులు తీసి పెట్టుకోవాలి” అనేవాడు.

“ఇంట్లో ఉన్న ప్రాణికి పూటపూటా పెట్టొద్దంటారు. ఏం మనిషండీ మీరు!”

“నేను మనిషినే. అది కాదు. మనకి తిన్నది అరగడానికి కావలసిన వేడి ఒంట్లోనే పుడుతుంది. దానికి పుట్టదు. పెట్టెలో పెట్టిన వేడి దీపం కింద కూర్చుని కాచుకుంటేనే అరిగేది.”

ఆయన పద్ధతి ఇది. పిల్లగా ఉన్నప్పుడు రోజూ కీచురాళ్లు. ఎదిగే కొద్దీ తగ్గించుకుంటూ వచ్చి, ఎదిగాక వారానికి రెండుసార్లు, మహా అయితే మూడు. ఒకసారికి ఐదారు చాలు. అది ఇంకా తింటానన్నట్టు చూసినా వెయ్యకూడదు. దాని రెండు కళ్ల మధ్య ఎంత జాగా ఉందో పురుగు అంతకంటే పెద్దది కాకూడదు. పొద్దున సన్నగా తరిగిన ఆకులు, కాస్త గుమ్మడి తురుము పెట్టి, సాయంత్రానికి మిగిలింది తీసి పారెయ్యాలి. దీపం ఆర్పబోయే ముందు ఏమీ పెట్టకూడదు. ఇవన్నీ ఆయన పొద్దున పళ్లు తోముకుంటూ నురగ నోటితో చెప్పేవాడు. లాండ్రీలో ఇస్త్రీ పని చేసే ఆయన చెల్లెలు శ్రద్ధగా వినేది. వంటమ్మ విననట్టు గిన్నెలు తోమేది.

చలికాలంలో ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. కండక్టర్ వచ్చాక గడిచిన మొదటి చలికాలంలో అది పిల్ల, మామూలుగానే తిన్నది. రెండో చలికాలానికి ఆయన లేడు.

ఆయనకి పక్షవాతం డిపోలో వచ్చింది, బస్సు లోపల పెట్టి దిగాక. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మింగడం పోయింది. ఆస్పత్రిలో ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి ఇంటికి పంపారు. తిండికి బదులు ఇచ్చిన డబ్బా పొడిని నీళ్లలో కలిపి, సిరంజితో ఆ గొట్టంలో పోయాలి. ఇంటికొచ్చే నర్సు వంటమ్మకి నేర్పింది. తల ఎత్తి పెట్టాలి. నెమ్మదిగా పోయాలి. పోశాక మంచినీళ్లతో గొట్టం కడగాలి.

“ఒక్క సంగతి మర్చిపోకండమ్మా. పోసే ముందు సిరంజితో వెనక్కి లాగి చూడండి. పోయినసారి పోసింది ఇంకా వెనక్కి వస్తుంటే, ఆ పూట మానెయ్యాలి” అంది నర్సు.

వంటమ్మకి ఆ పని పట్టుబడింది. హాస్టల్లో సెలవు పెట్టింది. పొద్దు పొడిచింది మొదలు వేళ తప్పకుండా పోసేది. పోస్తున్నంతసేపూ ఆయనతో మాట్లాడేది. ఇదిగో ఇది టిఫిను, ఇది భోజనం అని చెప్పేది. డబ్బాలో పొడి ఒకటే.

చలి ఇంకా మొదలవకముందే, వెనక్కి లాగితే పోసింది పోసినట్టు రావడం మొదలైంది. డాక్టరు ఇంటికి వచ్చి చూశాడు. ఒళ్లు ఇక తీసుకోవడం లేదన్నాడు. తగ్గించండి, పెదవులు తడుపుతూ ఉంటే చాలు, ఆయనకీ అదే సుఖం అన్నాడు.

“కడుపు మాడ్చి పంపమంటారా?” అంది వంటమ్మ.

డాక్టరు ఆడపడుచు వైపు చూశాడు. ఆమె అన్న కాళ్ల మీది దుప్పటి సర్దింది.

వంటమ్మ తగ్గించలేదు. వెనక్కి వచ్చినదాన్ని మళ్లీ లోపలికే పోసి, దాని మీద కొత్తది పోసింది. ఆడపడుచు పక్కనే ఉంది. మూడో రోజుకి ఆయన ఊపిరిలో బుడగల చప్పుడు వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం పోయాడు. దాని గురించి ఆ ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోలేదు.

*

చలి ముదిరాక కండక్టర్ తిండి మానేసింది.

మొదట ఆకులు వదిలేసింది. తర్వాత కీచురాళ్లు కళ్లముందు తిరిగినా నాలుక చాచలేదు. ఒకటి దాని వీపు మీద ఎక్కి కూర్చుంటే ఒంటిని కూడా కదపలేదు. ఆ తర్వాత పెట్టె చివర ఉన్న మొద్దు కిందికి దూరి, మొహం గోడ వైపు పెట్టుకుని కళ్లు మూసుకుంది.

“ఆయన కోసం దిగులు పెట్టుకుంది” అంది వంటమ్మ.

“దానికి దిగులేంటి వదినా? బతికున్నన్నాళ్లూ అన్నయ్య ఎత్తుకుంటే మొహం తిప్పుకునేది” అంది ఆడపడుచు.

“నువ్వు చూడు చిట్టీ, ఎలా పడుకుందో. గోడకి తిరిగి.”

“అటు తిరిగితే మన మొహాలు చూడక్కర్లేదని.”

వంటమ్మ నవ్వలేదు. ఆమె మళ్లీ హాస్టల్‌కి వెళ్తోంది. పొద్దున వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి మొద్దు ఎత్తి చూసేది. కీచురాయిని కాలు పట్టుకుని దాని మూతికి తాకించేది. పళ్లెంలో ఆకులు మార్చేది. ఎండినవి తీసి పారేస్తూ, “ఇది కూడా ముట్టలేదు” అని పైకే అనేది. వినడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఆడపడుచు అప్పటికి లాండ్రీలో ఉండేది.

“ఎవరినైనా అడుగుదాం” అంది ఆడపడుచు.

“అడగడానికేముంది? తిండి లేకపోతే ప్రాణం పోతుంది. అది తెలియడానికి చదువుకోవాలా?”

ఒక సెలవు రోజు పొద్దున ఆడపడుచు పనికి వెళ్లాక వంటమ్మ అలమర తెరిచింది. పొడి డబ్బా అడుగున ఇంకా ఉంది. సిరంజి ఉంది. గోరువెచ్చటి నీళ్లలో పొడి కలిపి, ఉండలు లేకుండా వడగట్టింది. మొద్దు ఎత్తి కండక్టర్‌ని తీసింది. అది రాయిలా చల్లగా ఉంది. తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నర్సు నేర్పినట్టు తల ఎత్తి పట్టుకుంది. గడ్డం చర్మం పట్టుకుని కిందికి లాగితే నోరు తెరుచుకుంది.

“ఇదిగో, ఇది టిఫిను” అంది. పోసింది.

మొదటి చుక్కలు లోపలికి వెళ్లాయి. ఇంకాస్త పోసింది. తొండ ఒళ్లు బిగుసుకుంది. నోరు తెరుచుకునే ఉండిపోయింది. ముక్కు రంధ్రాల్లోంచి తెల్లటి బుడగలు వచ్చాయి.

ఆమె సిరంజి కింద పడేసింది. తువ్వాలు కొసతో మూతి తుడిచింది. తుడిచిన కొద్దీ బుడగలు వచ్చాయి. ఆ చప్పుడు ఆమెకి తెలుసు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఆడపడుచుకి ముందుగదిలో నేల మీద కూర్చుని ఉన్న వదిన కనబడింది. ఒళ్లో తువ్వాలు, పక్కన పొడి డబ్బా. అడగడానికి ఏమీ లేదు. ఆమె అట్టపెట్టె వెతికి, అడుగున వేడినీళ్ల సీసా పెట్టి, దాని మీద బట్ట పరిచి, ఇంకా ఊపిరున్న తొండని పడుకోబెట్టింది.

“లే వదినా. బస్సు ఉంది.”

బస్సులో పెట్టె వంటమ్మ ఒళ్లో ఉంది. టికెట్లు కొట్టే అతను వచ్చి పెట్టెలో ఏముందని అడిగాడు.

“కండక్టర్” అంది ఆడపడుచు.

“ఎవరు?”

“మా కండక్టర్. టికెట్ అక్కర్లేదు, స్టాఫే.”

అతను ఇద్దరి మొహాలూ చూసి రెండు టికెట్లు కొట్టి ముందుకు వెళ్లిపోయాడు.

*

పశువుల డాక్టరు దగ్గర కుక్కలు, పిల్లులు ముందున్నాయి. పెట్టె మూత తీసి చూపించగానే ఆయన మిగతావాళ్లని ఆగమని లోపలికి తీసుకెళ్లాడు. తొండని తల కిందికి వంచి, సన్నటి గొట్టంతో నోట్లోది లాగేశాడు. ఛాతీ మీద పరికరం పెట్టి చాలాసేపు విన్నాడు. ఇంజెక్షన్ చేశాడు. వేడి దీపం ఉన్న పెట్టెలో పడుకోబెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

“ఏం పట్టారు?”

“మా ఆయనకి పట్టే పొడి.”

“తల ఎత్తి పట్టుకున్నారా?”

“నర్సు అలాగే నేర్పింది.”

“మనిషికి నేర్పిందమ్మా. గొట్టం ఉన్న మనిషికి. దీని గాలిదారి నాలుక మొదట్లోనే ఉంటుంది. నోరు తెరిచి పోస్తే ముందు తగిలేది అదే.”

“తిండి మానేసి వారాలైంది డాక్టరుగారూ. చూస్తూ ఊరుకోమంటారా?”

“అదే చెబుతున్నా. చూస్తూ ఊరుకోండి.”

వంటమ్మ ఆడపడుచు వైపు తిరిగింది. డాక్టరు ఇద్దరికీ వినబడేలా చెప్పాడు. చలి వస్తే ఎదిగిన తొండలు పడుకుంటాయి. కొన్నయితే నాలుగైదు వారాలు, ఇంకొన్ని రెండు మూడు నెలలు. పడుకునే ముందు తిండి మానేసి పొట్ట ఖాళీ చేసుకుంటాయి. ఒళ్లు చల్లబడ్డాక లోపల తిండి ఉంటే అరగదు, కుళ్లుతుంది. ఇంట్లో వాళ్లు బెంగ పడి పెట్టిన తిండితోనే పోయిన తొండలు ఈ బల్ల మీదికి ఏటా వస్తాయి.

“ఊపిరితిత్తుల్లోకి కొంచెమే వెళ్లిందనుకుంటున్నా. వారం నా దగ్గర వేడిలో ఉంచి మందు వేస్తా. బతికితే ఇంటికి తీసుకెళ్లండి. మళ్లీ పడుకుంటానంటే పడుకోనివ్వండి. దీపం తగ్గించండి. నీళ్ల గిన్నె పెట్టండి. వారానికోసారి బరువు చూడండి, అంతే.”

“ఎంత పెట్టాలి?”

“ఏమీ పెట్టొద్దు.”

“రోజుకొక చెంచా?”

“ఏమీ అంటే చెంచా కూడా కాదమ్మా.”

“ఎప్పటిదాకా?”

“అది లేచేదాకా.”

“లేవకపోతే?”

“లేవకపోవచ్చు కూడా” అన్నాడు డాక్టరు. “కానీ మీరు పెట్టనందువల్ల మాత్రం కాదు.”

బయటికొచ్చాక వంటమ్మ బస్సు స్టాపు దాటి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆడపడుచు పరిగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది.

*

కండక్టర్ వారానికి ఇంటికి వచ్చింది. ఊపిరితిత్తులు బాగున్నాయని డాక్టరు చెప్పాడు. పెట్టెలో వదలగానే నడుచుకుంటూ వెళ్లి మొద్దు కిందికి దూరింది.

ఆ చలికాలం ఆ ఇంట్లో జరిగిన పని ఒక్కటే: వంటమ్మ దానికి తిండి పెట్టకుండా ఉండడం. ఆడపడుచు కీచురాళ్ల డబ్బాని లాండ్రీకి తీసుకెళ్లిపోయింది. వంటమ్మ అది గమనించింది.

“నన్ను దొంగని చేస్తున్నావే!”

“నిన్ను కాదు వదినా. నీ చేతుల్ని.”

వంటమ్మ ఆ చేతుల్ని పైట కొంగులో చుట్టుకుని పెట్టె ముందు కూర్చునేది. మొద్దు ఎత్తేది కాదు. పక్కనుంచి వంగితే తోక కొస కనబడేది. అది కదులుతుందేమోనని చూసేది. కదిలేది కాదు. ఊపిరి ఉందో లేదో అక్కణ్ణుంచి తెలియదు. “చిట్టీ, ఒక్కసారి చూడవే” అని పిలిచేది. ఆడపడుచు వచ్చి, పక్కటెముకల దగ్గర చర్మం లేచి దిగేదాకా చూసి, ఉందనేది. వంటమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లేది.

వారానికోసారి వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి అందులో దాన్ని కూర్చోబెట్టేవాళ్లు. ముల్లు ప్రతిసారీ దాదాపు అక్కడే ఆగేది.

“ఏమీ తినకుండా బరువు ఎలా నిలబడుతుందే?”

“తిరుగుడు లేదు, ఖర్చు లేదు. నువ్వూ నేనూ అలా పడుకుంటే బాగుండు.”

“ఆకలి వెయ్యదా?”

“వెయ్యదన్నాడుగా.”

“అది చెప్పిందా డాక్టరుకి?”

ఆడపడుచు తొండని మొద్దు కింద పెట్టింది. “ఆకలైతే లేస్తుంది వదినా. దానికి కాళ్లున్నాయి” అంది.

హాస్టల్లో పిల్లలకి తేడా తెలిసింది. చాలు అని చెయ్యి అడ్డం పెడితే వంటమ్మ గరిటె ఆగిపోతోంది. ఒకడు సరదాకి చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల మీదైనా పడుతుందని చూస్తున్నాడు. ఆమె గరిటె గిన్నెలో పెట్టేసి తర్వాతి ప్లేటు వైపు తిరిగింది. వాడు ఆ పూట సగం ఆకలితో లేచాడు. వంటమ్మకి ఒంట్లో బాగాలేదని పిల్లలు వార్డెన్‌కి చెప్పారు. వార్డెన్ అడిగితే, బాగానే ఉన్నానండీ అంది.

ఇంట్లో ఆమె భోజనం తగ్గింది. ఆడపడుచు కొన్నాళ్లు చూసి, ఒక రోజు పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“నువ్వు తొండవి కాదు. తిను.”

“తింటాలే.”

“నేను పెట్టనా?”

వంటమ్మ తల అడ్డంగా ఊపి పళ్లెం తీసుకుంది. పెట్టినదంతా తిన్నది.

చలి తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం పొద్దున మొద్దు పక్కన ఇసుకలో గాడి కనబడింది. కండక్టర్ దీపం కింద రాయి మీద ఉంది. డాక్టరు చెప్పిన ప్రకారం ఆ రోజు దీపం పెంచి, గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టారు. అది నీళ్లు తాగింది. తిండి పెట్టలేదు. ఒంట్లోకి వేడి రావాలి. మర్నాడు సాయంత్రం ఆడపడుచు లాండ్రీ నుంచి కీచురాళ్ల డబ్బా తెచ్చింది.

వంటమ్మ వంటింట్లో ఉండిపోయింది.

“రా వదినా. నువ్వే వెయ్యి.”

“నువ్వే వెయ్యి. నా వల్ల కాదు.”

ఆడపడుచు ఒకటి వేసింది. అది రాయి పక్కనుంచి నడిచింది. తొండ మెడ తిప్పింది. నాలుక బయటికొచ్చి లోపలికెళ్లింది. నమిలింది.

“వదినా! తింటోంది! వదినా!”

ఆడపడుచు వంటింటి గుమ్మంలోకి వెళ్లింది. వంటమ్మ గట్టు పట్టుకుని నిలబడి ఉంది. మొహం తడిసిపోయింది.

“వదిలేస్తే బతికింది” అంది.

“దానికి అది నిద్ర వదినా. అన్నయ్యది నిద్ర కాదు. అన్నయ్య లేచేవాడు కాదు.”

“తెలుసు. లేస్తారని కాదు.” ఆమె ముక్కు చీదుకుని, చెయ్యి కడుక్కుంది. “ఆ చప్పుడు లేకుండా పోయేవారు కదే.”

కాదని చెప్పడానికి ఆడపడుచు నోరు తెరిచింది. ఆ మూడు రోజులూ ఆమె ఆ గదిలోనే ఉంది. నోరు మూసుకుని, వచ్చి వదిన పక్కన గట్టుకి ఆనుకుని నిలబడింది. ముందుగదిలో డబ్బాలో కీచురాళ్లు అరుస్తున్నాయి.

“ఇంకెన్ని వెయ్యమన్నాడు డాక్టరు?” అంది వంటమ్మ.

“ఇవాళ్టికి రెండే. ఇంకొకటి వెయ్యాలి.”

“అది వేసి మూత పెట్టెయ్. ఇంకా కావాలన్నట్టు చూస్తుంది. చూడనీ.”